ఎడమ ఖాళీ అయితేనే కుడి ఖాళీ

భోగాపురం దాటి శ్రీకాకుళం వైపు వెళ్లే ఏ కారు డ్రైవరునైనా అడగండి, హైవే మీద మీకు ఒళ్లు మండేది దేన్ని చూస్తే అని. కుడి లేనులో నింపాదిగా పోయే లారీని చూస్తే అంటాడు. హారన్ కొట్టినా, లైట్లు వేసినా అది కదలదు. విసుగెత్తి చివరికి ఎడమ నుంచి కట్ కొట్టి దాటుకుపోతాడు. లారీ డ్రైవరును అడిగితే ఎడమ నుంచి దూసుకొచ్చే కార్ల సంగతి చెబుతాడు. ఆటో డ్రైవరు ఇద్దరినీ తిడతాడు. రోడ్డు పక్క ఊరివాళ్లు ముగ్గురినీ తిడతారు. నాలుగు వరుసల రోడ్డు పడిన నాటి నుంచీ ఈ తగువు తెమలడం లేదు.

తీర్పరులు మాత్రం మూడు రకాలుగా ఉన్నారు. మనవాళ్లకు క్రమశిక్షణ లేదనేది ఒక వాదం. పోలీసులు గట్టిగా జరిమానాలు వేస్తే అన్నీ సర్దుకుంటాయనేది రెండోది. రోడ్డునే మనుషులను పట్టించుకోకుండా కట్టారనేది మూడోది. కార్లలో తిరిగేవాళ్లు మొదటిదాన్ని, అధికారులు రెండోదాన్ని, రోడ్డు పక్క ఊళ్లవాళ్లు మూడోదాన్ని పట్టుకుంటారు. మూడింటిలోనూ నిజం ఉంది. అయితే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వరకు చూస్తే మూడోదాని పాలే పెద్దదని, దాన్ని వదిలేసి మిగతా రెండూ ఎంత మాట్లాడుకున్నా పని జరగదని నాకనిపిస్తుంది.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. చెన్నై నుంచి కోల్‌కతా పోయే ఈ రహదారిని పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే అంటారు. 2010లో నంబర్లు మార్చాక అది 16 అయింది. స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరుసలైంది. ఆ తర్వాత ఈ రెండు జిల్లాల్లో నరసన్నపేట దాకా ఆరు వరుసలకు పెరిగింది. అక్కడి నుంచి టెక్కలి, పలాస, కంచిలి మీదుగా ఇచ్ఛాపురం వరకు నాలుగే. ఈ తేడా చిన్నది కాదు. ఆరు వరుసల దగ్గర ఒక్కో వైపు మూడు లేన్లుంటాయి, నెమ్మదిగా పోయేవాటికి ఒకటి, లారీలకు ఒకటి, దాటుకుపోవడానికి ఒకటి అని పంచుకోవచ్చు. నాలుగు వరుసల్లో ఒక్కో వైపు రెండే. ఎడమ లేనులో ఒక్క బండి ఆగితే రోడ్డు సగానికి సగం పోయినట్టే. నరసన్నపేట దాటగానే డ్రైవింగ్ తీరు మారిపోవడం ఎవరైనా గమనించవచ్చు.

ఈ రోడ్డు మీద తిరిగే బండ్ల రకాలూ ఎక్కువే. గోదావరి జిల్లాల నుంచి హౌరా వెళ్లే చేపల లారీలకు ఐస్ కరిగేలోపు చేరాలనే తొందర. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరికాయల లారీలు బరువుతో మెల్లగా పోతాయి. పైడిభీమవరం కంపెనీల షిఫ్టు బస్సులు టైము ప్రకారం వస్తాయి. ఎచ్చెర్ల దగ్గర యూనివర్సిటీ పిల్లల బైకులు, రణస్థలం దగ్గర కూరగాయల ఆటోలు, ఎక్కడబడితే అక్కడ ఆగే పల్లెవెలుగు బస్సులు. వందలో పోవాల్సిన కారూ, ఇరవైలో పోయే ట్రాక్టరూ ఒకే తారు మీద నడవాలి. తగువంతా ఈ వేగాల తేడాలోంచి పుట్టినదే.

చట్టానికి ఇందులో సందేహమేమీ లేదు. రోడ్డుకు ఎడమవైపు నడపాలి, ముందు బండిని దాటాలంటే కుడివైపు నుంచి దాటాలి, లేను మారేముందు సిగ్నల్ ఇవ్వాలి. 1989 నాటి నిబంధనలే ఈ మాట చెప్పాయి, వాటి స్థానంలో వచ్చిన 2017 డ్రైవింగ్ నిబంధనలూ చెప్పాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రాంగ్ రూటులో నడపడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం కూడా ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వచ్చాయి. మొదటిసారికి వెయ్యి నుంచి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10 వేలు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు, అంతకు మించిన వరుసల డివైడర్ రోడ్ల మీద కార్ల గరిష్ఠ వేగం 100, బస్సులది 90, లారీలది 80, బైకులది 80, ఆటోలది 50 కిలోమీటర్లు. కాగితం మీద అంతా బాగానే ఉంది. ఆ కాగితమే ఒక సంగతి ఒప్పుకుంటోంది చూడండి: వంద మీద పోయేదీ, యాభై మీద పోయేదీ ఒకే రోడ్డు మీద ఉంటాయని.

రోడ్డు మీద ప్రవాహం ఎలా దెబ్బతింటుందో తెలుసుకోవడానికి జపాన్ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం ప్రసిద్ధం. 2008లో ఫలితాలు ప్రచురించారు. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ఎవరూ అడ్డు రాలేదు, సిగ్నల్ లేదు, గుంత లేదు. కాసేపు సాఫీగానే నడిచాయి. తర్వాత ఎవరో కొద్దిగా వేగం తగ్గించారు. వెనకవాడు ఇంకాస్త తగ్గించాడు. ఆ వెనకవాడు బ్రేకే వేశాడు. చూస్తుండగానే కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి, ఆ ఆగడం అలలా వెనక్కి వెనక్కి పాకింది. ప్రమాదమేమీ జరగకుండానే ట్రాఫిక్ ఎందుకు జామవుతుందో దీంతో తెలిసింది. మడపాం టోల్‌గేటుకు రెండు కిలోమీటర్ల ముందే బండ్లు ఎందుకు ముద్దకడతాయో కూడా ఇందులోనే ఉంది. ముందు బండికి ఆనుకుని నడపడం వల్ల మనం ముందుగా చేరేదేమీ ఉండదు. ఆ దగ్గరితనమే చిన్న బ్రేకును పెద్ద బ్రేకుగా మారుస్తుంది. రెండు సెకన్ల ఎడం ఉండాలని చాలా దేశాల్లో డ్రైవింగ్ నేర్పేవాళ్లు చెబుతారు. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 44 మీటర్లు. మన హైవే మీద అంత ఎడం వదిలితే మధ్యలో రెండు బైకులు, ఒక ఆటో దూరతాయి. నిజమే. దూరనివ్వండి. అవి దూరినా మనం చేరేది ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగానే.

ఇక లారీల లెక్క. రవాణా వాహనాలకు వేగ నియంత్రణ పరికరం ఉంటుంది, 80 దాటనివ్వదు. ఒక లారీ 80 మీద పోతోంది, ముందున్నది 77 మీద పోతోంది అనుకుందాం. మూడు కిలోమీటర్ల తేడా చూసి వెనకవాడికి దాటాలనిపిస్తుంది. ఒక్కో లారీ 12 మీటర్లు, ముందూ వెనకా 25 మీటర్ల చొప్పున ఎడం. అంటే మొత్తం 74 మీటర్లు ఎక్కువ నడవాలి. గంటకు మూడు కిలోమీటర్ల తేడాతో ఆ 74 మీటర్లు గెలవడానికి దాదాపు నిమిషన్నర పడుతుంది. ఆ నిమిషన్నరలో రెండు లారీలూ పక్కపక్కన రెండు కిలోమీటర్లు పోతాయి. నాలుగు వరుసల రోడ్డయితే ఆ రెండు కిలోమీటర్లూ వెనక ఎవరూ కదలలేరు. తేడా పది కిలోమీటర్లుంటే అదే పని అర నిమిషంలోపు అయిపోయేది. జర్మనీలో దాటే బండి వేగం ముందుబండి కంటే గణనీయంగా ఎక్కువ ఉండాలని చట్టమే చెప్పింది. పది కిలోమీటర్ల తేడా ఉండాలి, 45 సెకన్లకు మించకూడదు అని అక్కడి కోర్టులు దానికి కొలత పెట్టాయి. మన చట్టంలో ఇలాంటి కొలత లేదు. ఉంటే బాగుండేది. పలాస, టెక్కలి మధ్య దీని అవసరం రోజూ కనిపిస్తుంది.

ఇంతవరకు లారీ మీద నేరం మోపడం తేలికే. కానీ లారీ డ్రైవరు వాదన కూడా వినాలి. ఉత్తరాంధ్రలో లారీల ఊరంటే సాలూరు. బాడీ బిల్డింగ్ షెడ్లు, పట్టీలు కొట్టే కొలుములు, టైర్ల దుకాణాలు, గ్రీజు వాసన, ఇంటికో డ్రైవరు. అక్కడి డ్రైవర్ల దగ్గర కుడి లేను మాట ఎత్తితే వచ్చే జవాబు ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘‘ఎడమలో ఎలాగెల్తాం బావూ? ముందు ఆటో, దాని ముందు గేదెలు, ఆ ముందు ఎండేసిన గింజలు. గంటకి పదిసార్లు కుడికి రావాల. వచ్చినప్పుడల్లా మీ కారోళ్లు సందివ్వరు. అదేదో ముందే కుడిలో ఉండిపోతే గొడవ లేదు కదా, ఏటి సేత్తాం.’’

ఈ మాటలో మొండితనం కంటే లెక్క ఎక్కువ ఉంది. పాతిక, ముప్పై టన్నుల బండిని ఆపి మళ్లీ అదే వేగం అందుకోవాలంటే డీజిలూ, కాలమూ రెండూ ఖర్చు. లేను మారిన ప్రతిసారీ ప్రమాదం. డ్రైవరు కూర్చునేది కుడివైపు కాబట్టి డివైడరు అతనికి కళ్లెదుటే ఉంటుంది. ఎడమ పక్కన ఏముందో అద్దంలో చూసి ఊహించుకోవాలి. పూర్వం ఎడమ తలుపు దగ్గర క్లీనరు కూర్చునేవాడు. చెయ్యి బయటపెట్టి ఆపమనో, రమ్మనో ఊపేవాడు, తలుపు మీద దబదబ కొట్టేవాడు. లారీకి ఎడమ కన్ను అతనే. జీతాలు గిట్టుబాటు కాక చాలా లారీలు ఇప్పుడు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. ఆ కన్ను పోయాక డ్రైవరు తనకు కనిపించే పక్కకే జరిగాడు.

మరో కారణం తారు కిందే ఉంది. బరువు బండ్లు ఎడమ లేనులో నడిచిన చోట చక్రాల దారిలో గాళ్లు పడతాయి. 2018లో ఒక యాక్సిల్ మీద మోయదగ్గ బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. యాక్సిల్ బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు కలిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1950ల చివర అమెరికాలో చేసిన పరీక్షలు తేల్చాయి. ఆ లెక్కన ఎనిమిదో వంతు బరువు పెంచితే నష్టం అరవై శాతం పెరుగుతుంది. గాళ్లలో వాన నీళ్లు నిలిస్తే స్టీరింగు లాగేస్తుంది. డ్రైవరు నున్నటి కుడి లేనుకు పోతాడు. ‘భారీ వాహనములు ఎడమ వరుసలో వెళ్లవలెను’ అని బోర్డు పెట్టినవాళ్లే ఎడమ వరుసను బాగుచేయించకపోతే బోర్డు మాట ఎవరు వింటారు?

అసలు కథ ఎడమ లేనులో ఉంది. మార్చి దాటితే పూసపాటిరేగ, రణస్థలం, లావేరు వైపు మొక్కజొన్న రోడ్డెక్కుతుంది. సర్వీసు రోడ్డు నిండా, అది లేనిచోట హైవే అంచున, గింజలు పరుస్తారు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకటి పడ్డాక ఆ రాళ్లు బైకువాడికి కనబడవు. సంక్రాంతి ముందు వడ్లు, తర్వాత ఉలవలు, నువ్వులు, చోళ్లు. కొన్ని పంటలైతే చక్రాల కింద నలిగితే నూర్పిడి ఖర్చు తప్పుతుందని మరీ రోడ్డు మధ్యకు తోస్తారు. రైతును తిట్టడం సులువు. అతని కళ్లం ఇళ్ల స్థలమైపోయింది. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. తేమ ఎక్కువుంటే వ్యాపారి ధర కోస్తాడు. ఊరి దగ్గర ఎండ బాగా తగిలే, చదునైన, గట్టి నేల ఆ తారు ఒక్కటే. ఊరికో సిమెంటు కళ్లం కట్టడం వ్యవసాయ శాఖ పనిగా కనిపిస్తుంది గానీ, హైవే భద్రత పద్దులో రాసుకోదగ్గ పని అది.

తర్వాత రాళ్లు. లారీ చెడిపోతే వెనక ముప్పై అడుగుల దూరంలో నాలుగు రాళ్లు పెట్టి, పక్క తుప్పలోంచి కొమ్మ విరిచి నిలబెడతారు. త్రికోణం రిఫ్లెక్టరు క్యాబిన్‌లోనే ఉంటుంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) రోజున చూపించడానికి. మెకానిక్ వస్తాడు, లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. ఆ రాళ్లను తీసి పక్కన పడేసి వెళ్లడానికి రెండు నిమిషాలు చాలు. దీనికి చట్టం అక్కర్లేదు, రోడ్డు వెడల్పు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. క్రమశిక్షణ వాదులతో నేను పూర్తిగా ఏకీభవించే చోటు ఇదొక్కటి.

ఆగిన బండి ఎంత ప్రమాదమో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. కోయంబత్తూరులో 2017లో జరిగిన ప్రమాదం కేసది. ముందు వెళ్తున్న కారు హఠాత్తుగా ఆగింది, వెనక వస్తున్న బైకు దాన్ని గుద్దుకుంది, కిందపడ్డ విద్యార్థి మీదికి వెనక నుంచి బస్సు ఎక్కి అతని కాలు పోయింది. భార్య గర్భిణి, వాంతి వచ్చేలా ఉందంటే ఆపానని కారు నడిపినాయన చెప్పాడు. హైవే మీద హెచ్చరిక లేకుండా ఆపడానికి ఆ కారణం చాలదని కోర్టు అంది. తప్పులో సగం కారు డ్రైవరుదని, 30 శాతం బస్సుదని, 20 శాతం బైకు నడిపిన కుర్రాడిదని తేల్చింది. తాటిముంజెల కోసమో, జీడిపప్పు ప్యాకెట్ కోసమో సిగ్నల్ లేకుండా ఎడమ లేనులో కారు ఆపేవాళ్లు ఈ తీర్పును ఒకసారి చదువుకోవాలి. పలాస పరిసరాల్లో ఆ జనం ఎక్కువే.

రాంగ్ రూటు సంగతి ఇంకా చిక్కు. డివైడరు పడకముందు ఊరికీ పొలానికీ మధ్య ఒక రోడ్డు ఉండేది, దాటితే సరిపోయేది. ఇప్పుడు అవతలి పొలానికి పోవాలంటే ఎక్కడో ఉన్న యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి. గడ్డిమోపు ఎత్తుకున్న సైకిలు, ఎరువు బస్తాల బైకు, కూలీలను ఎక్కించుకున్న ఆటో, ఇవన్నీ రెండు మూడు కిలోమీటర్ల చుట్టు తిరగడానికి ఇష్టపడవు. అంచు పట్టుకుని ఎదురు వస్తాయి. ఎదురొచ్చేవాడిని చూసి ఎడమ లేనువాడు కుడికి జరుగుతాడు, కుడివాడు బ్రేకు వేస్తాడు, వెనక అల మొదలవుతుంది. కొన్నిచోట్ల ఊరివాళ్లే డివైడరు రాళ్లు పీకి దారి చేసుకున్నారు. అధికారులు పూడుస్తారు, మళ్లీ పీకుతారు. ఊళ్ల వాళ్లకు బుద్ధి లేదని అనేముందు అండర్‌పాస్ ఎంత దూరంలో ఉందో చూడాలి. ఉన్న అండర్‌పాస్‌లో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయేమో కూడా చూడాలి.

ఇవన్నీ ఎంత ఖరీదైనవో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లాకు అంకెలు అక్కర్లేదు. 2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం మండలం దండానపేట దగ్గర మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు ప్రయాణిస్తున్న కారు ఆయిల్ ట్యాంకరును ఢీకొంది. నాలుగుసార్లు లోక్‌సభకు గెలిచిన మనిషి, జిల్లా మొత్తానికి తెలిసిన మనిషి, ఈ రోడ్డు మీదే పోయారు. ఆ రోజు జిల్లాలో ఏడవని ఊరు లేదు. అంతటి నాయకుడిని మింగిన రోడ్డని చెప్పుకుంటూనే అదే రోడ్డు మీద అలాగే నడుపుతున్నాం.

దేశం అంకెలు చూస్తే, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీద. రోడ్లన్నిటి పొడవులో జాతీయ రహదారుల వాటా సుమారు 2 శాతమే, చావుల్లో వాటా 36 శాతం. కారణాల పట్టికలో 71 శాతం మరణాలకు అతివేగం అని, 5 శాతానికి పైచిలుకు రాంగ్ సైడ్ డ్రైవింగ్ అని రాశారు. ఈ పట్టికను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. మన పోలీసు స్టేషన్లలో ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అనే మాట కలం అలవాటుగా వచ్చేస్తుంది. ఎడమ లేనులో మొక్కజొన్న ఉందనో, చెడిపోయిన లారీ వెనక రాళ్లున్నాయనో, యూటర్న్ దగ్గర లైటు వెలగడం లేదనో రాయడానికి గడి లేదు. కారణం రాయని చోట మందు కూడా ఉండదు. ఐదు వందల మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలో, తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అంటే మందు మొదలు పెట్టడానికి అంతమంది పోవాలన్నమాట.

బయటి ప్రపంచం ఏం చేసిందో చూద్దాం. బ్రిటన్‌లో అవసరం లేకపోయినా మధ్య లేను పట్టుకుని వేలాడేవాళ్లకు 2013 ఆగస్టు నుంచి అక్కడికక్కడే వంద పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. జర్మనీలో ట్రాఫిక్ ఆగగానే బండ్లు రెండు పక్కలకూ జరిగి అంబులెన్సుకు మధ్యలో దారి వదలడం చట్టం. మన దేశంలో ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్ వే మీద 2024లో కెమెరాలు పెట్టి లేను తప్పినవారికి చలానాలు పంపడం మొదలుపెట్టారు. బెంగళూరు–మైసూరు దారిలో 2023 ఆగస్టు 1 నుంచి బైకులను, ఆటోలను, ట్రాక్టర్లను ప్రధాన రోడ్డు మీదికి రానివ్వడం లేదు. మన ప్రాంతానికి ఈ చివరిది అమలు చేయాలని కొందరు కారు యజమానులు ఉత్సాహపడుతుంటారు. కుదరదు. అక్కడ పక్కన సర్వీసు రోడ్డు ఉంది. నందిగాం నుంచి టెక్కలి వెళ్లాలంటే బైకువాడికి హైవే తప్ప ఇంకో దగ్గర దారి ఏదీ? దారి చూపించకుండా రావద్దనడం న్యాయం కాదు. కెమెరాల మాట వేరు. ఆరు వరుసలున్న నాతవలస, ఎచ్చెర్ల మధ్య వాటిని రేపే పెట్టవచ్చు. అక్కడ లారీ డ్రైవరు చెప్పే సాకు సగం చెల్లదు, ఎందుకంటే అతనికి మధ్య లేను ఉంది. నాలుగు వరుసల భాగంలో మాత్రం ముందు ఎడమను ఖాళీ చేయించి, ఆ తర్వాత కెమెరా పెట్టాలి. వరస తప్పితే జరిమానా వసూళ్లు పెరుగుతాయి, రోడ్డు అలాగే ఉంటుంది.

రెండు వరుసల రోడ్ల నీతి వేరు. నాతవలస దగ్గర 16ని వదిలి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా ఘాట్ ఎక్కే 26వ నంబరు రోడ్డు మీద చాలావరకు డివైడరు లేదు. దాటడమంటే ఎదుటివాడి లేనులోకి పోవడమే. ఇక్కడ ప్రాణం కాపాడేది సిగ్నల్. అదీ గందరగోళమే. ముందు లారీ కుడి ఇండికేటరు వేస్తే కొందరు ‘రావొద్దు, ఎదురు బండి ఉంది’ అనుకుంటారు, కొందరు ‘కుడి నుంచి దాటుకో’ అనుకుంటారు, నిజానికి అతను కుడివైపు బంకులోకి తిరుగుతూ ఉండొచ్చు. ఇండికేటరు తన బండి ఎటు తిరుగుతుందో చెప్పడానికే గానీ వెనకవాడికి అనుమతి ఇవ్వడానికి కాదు. డ్రైవింగ్ స్కూళ్లు కనీసం ఈ ఒక్క పాఠమైనా గట్టిగా చెబితే ఘాట్ మలుపుల్లో కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. రాత్రి డిప్పర్ కొట్టకుండా హై బీమ్‌లో వచ్చేవాడి గురించి చెప్పడం అనవసరం, ప్రతివాడూ ఎదుటివాడినే తిడతాడు, తన లైటు మాత్రం దించడు.

సంక్రాంతి వారం ఈ రోడ్లకు పరీక్ష. హైదరాబాద్, చెన్నై, విశాఖ నుంచి సిక్కోలు (శ్రీకాకుళం) జనం ఇళ్లకు వస్తారు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక టోల్‌గేట్ల దగ్గర నిరీక్షణ తగ్గింది గానీ గేటు ముందు ఆఖరి క్షణంలో లేను మారే జబ్బు తగ్గలేదు. పక్క వరుస పొట్టిగా కనిపించగానే అడ్డంగా దూరుస్తారు. రెండు వరుసలూ ఆగుతాయి. అడ్డంగా దూరినవాడు గెలిచింది ఒక కారు, పోగొట్టింది ఇరవై కార్ల సమయం. ఇదే రద్దీలో ఉద్దానం నుంచి కిడ్నీ రోగులను విశాఖ తీసుకెళ్లే వాహనాలూ ఉంటాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి కాబట్టి ఆ ప్రయాణాల అవసరం కొంత తగ్గింది. అయినా పెద్ద కష్టం వస్తే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దారి పట్టాల్సిందే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ దారి పొడవునా కుడి లేనులో ఒక్కో లారీ వెనక ఒక్కో నిమిషం పోతే మొత్తం ఎంతవుతుందో ఆలోచించండి.

పోలీసులు చేసిన పనుల్లో నాకు నచ్చినది చాలా సాదాది. అర్ధరాత్రి దాటాక లారీలను ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపే కార్యక్రమం. ఖర్చు బకెట్టు నీళ్లు. లేను తప్పడానికి నిద్ర కూడా పెద్ద కారణమని గుర్తించిన పని అది. ఇలాంటివే ఇంకా కావాలి: పంట కాలంలో ఊరికి ముందే పోయి గింజలకు చోటు చూపించడం, ఆగిపోయిన లారీని గంటలోపు క్రేన్‌తో తీయించడం, ట్రాక్టరు ట్రాలీలకు ఉచితంగా రిఫ్లెక్టర్లు అంటించడం, ఎడమ లేను గాళ్లను వానాకాలానికి ముందే పూడ్చడం. ఇవన్నీ చేశాక కూడా కుడి లేను వదలని లారీకి జరిమానా రాస్తే ఎవరూ కాదనలేరు.

కారు నడిపేవారికి చెప్పాల్సింది మిగిలింది. మీ ముందు లారీ కుడిలో ఉందని మీరూ కుడిలోనే కూర్చోవద్దు. దాటడం అయిపోయాక, వెనకబండి మొత్తం అద్దంలో కనిపించాక, ఎడమకు వచ్చేయండి. వంద మీద పోతున్నా సరే, వెనకవాడు ఇంకా వేగంగా వస్తుంటే వదిలేయండి, అతన్ని ఆపడం పోలీసుల పని. వంద కిలోమీటర్ల దూరం వంద మీద పోతే గంట, ఎనభై మీద పోతే గంటాపావు. ఆ పావుగంట కోసం ఎడమ నుంచి కట్ కొట్టకండి. రోడ్డు మీద రాళ్లు, ఆగిన లారీ, వెలగని లైటు కనబడితే 1033కి ఫోన్ చేయండి, అది జాతీయ రహదారుల సంస్థ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీ ఊరికి ఎన్నికలప్పుడు వచ్చే నాయకుడిని సిమెంటు రోడ్డుతో పాటు సర్వీసు రోడ్డూ, నీళ్లు నిలవని అండర్‌పాసూ అడగండి.